ఏనుగు సినిమా కడపటి భాగం

ఇది నేను ఎప్పుడో రాయవలసింది. రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడం. అరవై రెండో ఏట, చింతామణిలో మా వీధి అంగనవాడి టీచరమ్మ నా చేతికి పలక ఇచ్చి కన్నడ అక్షరాలు దిద్దించింది. వేలిముద్ర మానుకుని సంతకం పెడితే చాలనుకుని మొదలుపెట్టాను. పోను పోను బస్సుల మీద ఊరి పేర్లు, మందు పెట్టెల మీద పేర్లు చదివేదాకా వచ్చాను. తెలుగు ఆ తర్వాత వచ్చింది. మా పక్కింటి పూజారమ్మ రోజూ పొద్దున తెలుగు పుస్తకం పారాయణం చేస్తుంది. కన్నడం వచ్చినదానివి, తలకట్టు చూసుకుంటే తెలుగూ వచ్చేస్తుంది రమ్మని ఆమే నన్ను కూర్చోబెట్టింది. పుట్టినప్పటి నుంచి నోట్లో నానిన మాటలు కాగితం మీద చూసిన రోజు నేను ఆమె వసారాలోనే చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ ఇద్దరికీ నేను ఏమీ ఇచ్చుకోలేదు. టీచరమ్మ ఇంటికి ఒకసారి అనపకాయలు పంపాను, అంతే.

రెండో కారణం ఒక మాట. మా మేనత్త నరసమ్మకు నేను చెప్పిన ఒకే ఒక మాట. అక్షరాలు వచ్చాక కూడా ఏడెనిమిదేళ్లు అది నన్ను రాయనివ్వలేదు. పోయిన నెలలో ఒక శనివారం మా కూతురి కూతురు సహన బెంగళూరు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే నిలబడి, "అవ్వా, నీ ఏనుగు దొరికింది" అంది.

"యా ఏనుగే?"

"చెవి చినిగిన ఏనుగు. నరసవ్వ ఏనుగు."

చిన్నప్పుడు దానికి అన్నం తినిపిస్తూ నేను చెప్పిన ఏనుగు కథను అది మరిచిపోలేదు. పాత సినిమాలను వెతికి, బాగుచేసి దాచిపెట్టేవాళ్లు పరదేశంలో ఎవరో ఉన్నారట. వాళ్లు ఈ సినిమాను ఎక్కడో తుప్పుపట్టిన డబ్బాల్లో కనిపెట్టి అందరూ చూసేలా పెట్టారట. సహన ఫోనును స్టీలు చెంబుకు ఆనించి నిలబెట్టింది. నేను కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. అడవి వచ్చింది. గొయ్యి వచ్చింది. గొయ్యిలో గున్న ఏనుగు, గట్టు మీద తల్లి ఏనుగు. అరవై ఏళ్ల కిందట గుడారంలో ఇసుక మీద కూర్చుని చూసినదే, ఇప్పుడు అరచేయంత పలకలో. బొమ్మల మధ్యలో వచ్చే ఇంగ్లీషు రాతలను సహన తెలుగులో చెబుతూ పోయింది. అయిదు భాగాలు చూశాము.

"ఆరోది లేదంట అవ్వా. ప్రపంచంలో యాడా దొరకలేదంట. కడకు ఏమయిందో ఎవరికీ తెలీదంట. చూసినోళ్లు ఎవరన్నా బతికుంటే రాసి పంపించండి అని అడుగుతాండారు." నా మొహం చూసి, "నువ్వు చూసినావా?" అంది.

"లేదు" అన్నాను. అరవై ఏళ్లుగా చెప్పి చెప్పి ఆ మాట నా నాలుక చివరే ఉంటుంది.

నరసమ్మ మా నాయనకు అక్క. నేను నరసత్త అనేదాన్ని. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు పోతే ఒక ట్రంకుపెట్టెతో బాగేపల్లి దగ్గరి మా ఊరికి తిరిగి వచ్చేసిందట. నాకు తెలివి వచ్చేసరికే ఆమె మా ఇంట్లో మనిషి. అందరికంటే ముందు లేచేది, అందరి తర్వాత తినేది. ఎవరి మీదా గొంతు ఎత్తేది కాదు. ఇంట్లో ఏదైనా అడగాలంటే గోడతో చెప్పినట్టు చెప్పేది, "ఉప్పు అయిపోతాండాది" అని. ఆమె గొంతు తెరిచి మాట్లాడేది ఎద్దులతోనే. మా ఎద్దులు కూడా మా నాయన అదిలిస్తే ఒక చెవి, అత్త పిలిస్తే రెండు చెవులు తిప్పేవి.

మాకు కపిల బావి ఉండేది. రెండెద్దులు పల్లపు దారిలో దిగుతూ ఉంటే పెద్ద తోలు తిత్తి బావిలోంచి నీళ్లతో పైకి వచ్చి, దాని తొండంలోంచి నీళ్లు తొట్టిలో పడేవి. మళ్లీ ఎద్దులు వెనక్కి వెనక్కి నడుస్తూ పైకి రావాలి. అలా పొద్దు పొడవక ముందు నుంచి ఎండెక్కేదాకా. తడిసిన తోలు వాసన, దానికి పూసిన ఆముదం వాసన, ఎద్దుల చెమట వాసన కలిసి మా నాయన పంచెలో ఉండేవి. ఆ వాసన నాకు ఇప్పుడు ఎక్కడా దొరకదు. మా నాయన ఎద్దుల్ని తోలితే నేను మడవలు తిప్పేదాన్ని. ఒక మడి నిండగానే చిన్న పారతో మట్టి తీసి నీళ్లను పక్క మడికి మళ్లించాలి. కాస్త ఏమారితే గట్టు తెగుతుంది. అందుకని నాకు బడి లేదు. నేను ఎవరినీ తప్పు పట్టను. నీళ్లు ఆగవు కదా, ఎవరో ఒకరు ఉండాలి.

సోమవారం మాత్రం ఆగేవి. సోమవారం బసవన్న దినం. ఆ రోజు మా వైపు ఎవరూ ఎద్దుల మెడ మీద కాడి ఎత్తరు. మడక కట్టి దున్నరు, బండి కట్టరు, కపిల తోలరు. ఎవరి పంట ఎండినా సరే. పొద్దున్నే నరసత్త ఎద్దులను కుంటలో కడిగి, కొమ్ములకు నూనె రాసి, పెద్ద కుండలో ఉలవలు ఉడకబెట్టేది. ఉలవలు ఎద్దులకు, ఆ కట్టుతో కాచిన చారు మాకు. సోమవారం చారంటే నాకు ఇప్పటికీ నోరూరుతుంది. ఆ రోజు నాకూ పని ఉండదు కాబట్టి అత్త నా తల దువ్వి బడికి పంపేది. మేష్ట్రు నన్ను చూడగానే "సోమవారద హుడుగి బందళు" అని నవ్వేవాడు, సోమవారం పిల్ల వచ్చింది అని. వారానికి ఒక అక్షరం నేర్చుకునేదాన్ని. మళ్లీ సోమవారానికి అది మడవల్లో కొట్టుకుపోయేది. అలా ఒక ఏడాది వెళ్లి, ఇక సిగ్గేసి మానేశాను.

ఇప్పుడు మా వైపు కపిలలు లేవు. బావులు కూడా లేవు, బోర్లే. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు నీళ్లు. మోటారుకు సోమవారం లేదు. ట్రాక్టరుకు లేదు. టమాటా మండీకి వెళ్లే మా అల్లుడికి లేదు. సహన ఆదివారం కూడా అన్నం తింటూ ఫోను చూసుకుంటుంది, ఆఫీసు వాళ్లట. దాని మెడ వంగి ఉంటుంది. నేను ఏమీ అనను. అది సంపాదించుకుంటోంది, ఎవరి ఇంటి మూలలోనూ ఒదిగి తినాల్సిన పని లేదు. నరసత్తకు ఆ యోగం పట్టలేదు. కానీ వారానికి ఒక రోజు నీళ్లు కూడా ఆగే ఇంట్లో నా చిన్నతనం గడిచింది. అది నా అదృష్టమే అనుకుంటాను.

ఆ ఏడాది సుగ్గి కోతలు అయిపోయాక బాగేపల్లి సంత మైదానంలో టెంటు సినిమా వేశారు. రావలసిన కొత్త సినిమా పెట్టె రాలేదు. అందుకని టెంటాయన అందరూ రెండేసి సార్లు చూసేసిన ఒక పౌరాణికాన్నే మళ్లీ వేస్తూ, దానికి ముందు రోజుకొక భాగం చొప్పున ఈ పాత మూగ సినిమా వేశాడు. ఆరు భాగాలు, బుధవారం మొదలు సోమవారం దాకా. చీకటి పడగానే మొదలయ్యేది. మాటలు లేని సినిమా కాబట్టి ఒకాయన రేకు గొట్టం నోటికి పెట్టుకుని కథ చెప్పేవాడు. ఆయన మగవాళ్ల వైపు నిలబడేవాడు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య ఒక గుడ్డ తెర కట్టి ఉండేది. కరెంటు ఇంజన్ ఆడవాళ్ల వైపే. దాని చప్పుడులో మాకు ఆయన చెప్పేది ఒక్క ముక్క వినబడేది కాదు.

మొదటి రోజు ఆడవాళ్లందరూ "ఏందే అది, ఎవరే ఆ మీసాలోడు" అని ఒకరినొకరు అడుక్కుంటుంటే, నా పక్కన కూర్చున్న నరసత్త మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. "వాడు అడివిలో ఏనుగుల్ని పట్టేవాడమ్మా. అది తల్లి. చూడండి, గొయ్యి చుట్టూ తిరుగుతాండాది." ముందు నాకు చెప్పినట్టే చెప్పింది. వెనక ఎవరో "గెట్టిగా చెప్పు నరసమ్మా" అన్నారు. గట్టిగా చెప్పింది. మూడో రోజుకు ఆడవాళ్లు "నరసమ్మ వచ్చిందా" అని అడిగి మరీ కూర్చునేవాళ్లు. ఇంట్లో ఉప్పు గురించి గోడతో మాట్లాడే మనిషి ఇంజన్ చప్పుడును మించి మాట్లాడేది. బొమ్మల మధ్య రాతలు వచ్చినప్పుడు ఆమె చిన్న వక్క ముక్క నోట్లో వేసుకునేది. మళ్లీ బొమ్మ రాగానే అందుకునేది.

తెర అవతల ఆ గొట్టం ఆయన చెప్పిన కథ వేరు. అది మీసాలాయన సాహసం. పులిని ఎలా లొంగదీశాడు, ఎలుగును ఎలా ఆడించాడు, కొరడా ఎలా విసిరాడు. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లు. అదే సమయానికి ఇటువైపు నరసత్త గున్న ఏనుగు వైపు నుంచి చెప్పేది. ఓడలో దానికి నీళ్లు లేవు. స్టూలు మీద నిలబడకపోతే ఇనుప కొంకితో చెవి పట్టి లాగాడు, చెవి చినిగింది. ఇటు ముక్కులు చీదుకునేవాళ్లు. సర్కసులో తెల్ల రిబ్బన్లు కట్టుకున్న ఒకామె ఏనుగుకు దొంగచాటుగా రొట్టె పెడుతుంది. ఆమె మీసాలోడి అక్క అనీ, మొగుడు పోతే తమ్ముడి దగ్గరికి వచ్చేసిందనీ అత్త చెప్పింది. మొన్న సహన చదివింది కదా, అక్కడ రాసి ఉన్నది భార్య అని. నాకు నవ్వు వచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

మిగతా రోజులు మేము ఎద్దుల బండిలో వెళ్లాము. సోమవారం బండి కట్టరు కాబట్టి నడిచే వెళ్లాము, రెండు మైళ్లు. మా ఊరి ఆడవాళ్లు ఇరవై మంది దాకా ఉంటారు. దారి పొడుగునా ఏనుగు గురించే. రిబ్బన్లామె దాన్ని విడిపిస్తుందా, మీసాలోడు ఆమెను కొడతాడా. నేను అత్త చేయి పట్టుకుని దాదాపు పరిగెత్తాను. ఆ అయిదు రోజులూ నాకు అన్నం సరిగా దిగలేదు. అది తల్లి దగ్గరికి వెళ్లిందో లేదో తెలియకుండా నేను బతకలేననిపించింది. ఎనిమిదేళ్ల పిల్లకు అది చిన్న సంగతి కాదు.

టెంటులో కూర్చుని కాళ్లకు అంటిన దుమ్ము దులుపుకుంటూ ఉన్న అత్త ఉన్నట్టుండి ఆగిపోయింది. కాసేపు తన పాదాలనే చూసుకుంది. తర్వాత లేచి, తెర పక్కగా వెళ్లి టెంటాయనను పిలిచింది.

"ఏమప్పా, ఈ పొద్దు ఈ ఏనుగాట వెయ్యొద్దు."

"యాలమ్మా?"

"సోమారం గదప్పా."

"సోమారమైతే?"

"మా ఎద్దుల్ని కొట్టంలో ఇడిసిపెట్టి అంత దూరం నడ్సుకుంటా వచ్చినాం. ఈడ కూసోని ఈ ఏనుగు చేత పని చేయిస్తా చూస్తామా? ఆట వేస్తే గదా దెబ్బలు పడేది. ఒక్క దినం వెయ్యొద్దు. రేపు వెయ్యి, వస్తాం."

మగవాళ్ల వైపు గొల్లుమన్నారు. మా ఊరి ఓబులప్ప అనే ఆయన, "ఏం నరసమ్మా, ఏనుక్కి ఉలవలు గూడా ఉడకేసుకోని వచ్చినావా?" అని కేకేశాడు.

"తెచ్చుంటే నీకే పెడ్తాంటినిలే అప్పా. ఇంట్లో నువ్వు మోసే కాడికి సోమారం గూడా లేదంట గదా" అంది అత్త. ఈసారి ఆడవాళ్ల వైపు నవ్వారు. ఓబులప్ప భార్య అందరికంటే గట్టిగా నవ్వింది.

టెంటాయన మంచివాడే. చేతులు జోడించినట్టు పెట్టి, "అమ్మా, అవి యాడో సముద్రం అవతల ఎప్పుడో కొట్టిన దెబ్బలు. ఆ ఏనుగు సచ్చిపోయి ఎన్నేండ్లయిందో" అన్నాడు.

"ఎప్పుడో పడిన దెబ్బ అయితే ఈ పొద్దు నా కంటికి ఎట్ల కనిపిస్తాందప్పా?"

ఆయన తల గోక్కున్నాడు. గొట్టం ఆయన వైపు చూశాడు. "రేపు పొద్దున్నే టెంటు పీకి గౌరిబిదనూరు పోవాలమ్మా. ఈ పొద్దు కాకపోతే ఇంక లేదు. కడ భాగం చూడకుండానే పోతారా?"

అందరూ అత్తనే చూస్తున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది, ఆమెకు అది ఎంత కష్టమైన క్షణమో. ఆ ఆరో భాగం చెప్పడానికి ఆమె అయిదు రోజులుగా సిద్ధమవుతూ ఉంది. ఇల్లు చిమ్ముతూ కూడా పెదవులు కదిలిస్తూ ఉండేది. ఆమె బతుకులో నలుగురు ఆమె మాట కోసం కూర్చున్నది ఆ అయిదు రోజులే.

"చూడాలనే ఉండాది" అంది అత్త. "లేదనడం లేదు." కొంగు దోపుకుని ఆడవాళ్ల వైపు తిరిగి, "నేను పోతాండా. కూసునేవాళ్లు కూసోండమ్మా, తప్పు లేదు" అని బయటికి నడిచింది.

ఒక్కొక్కరే లేచారు. ఓబులప్ప భార్య కూడా లేచింది. అత్త నా కోసం వెనక్కి చేయి చాపింది. అంతలో ఎవరో అడ్డం వచ్చారు. దీపం ఆర్పేశారు. నేను తెర గుడ్డ కిందుగా దూరి మగవాళ్ల వైపుకు పోయాను.

మా నాయన ఎక్కడ కూర్చున్నాడో వాసన బట్టి తెలిసింది. నన్ను చూశాడు. భుజం మీది టువాలు తీసి నా తల మీద కప్పి, మొహం మాత్రం కనబడేలా దగ్గరికి లాక్కున్నాడు. మా నాయన అలా నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు. ఆ టువాలు కింద భయం, సంతోషం రెండూ కలిసి నా పళ్లు టకటక కొట్టుకున్నాయి.

నేను చూశాను. సర్కసు దివాలా తీసింది. డేరాలు ఊడదీశారు. రిబ్బన్లామె ఏనుగును రైలు పెట్టెలో ఎక్కించుకుని, ఆపైన నడిపించుకుంటూ ఒక అడవి అంచుకు తీసుకెళ్లింది. కాలి గొలుసు విప్పింది. పొమ్మని చేత్తో తోసింది. ఏనుగు కాసేపు నిలబడింది. తర్వాత నడిచింది. నేరుగా అడవిలోకి కాదు. గుండ్రంగా. సర్కసులో తిరిగినంత వెడల్పే, ఆ వేగమే. ఎవరూ కొరడా ఎత్తలేదు. గడ్డి నలిగి చుట్టు పడింది. ఆమె గొలుసు చేతిలో పట్టుకుని చూస్తూ ఉంది. గొట్టం ఆయన చెప్పడం మానేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు అది ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. మా ముసలి ఎద్దు సోమవారం మేతకు విడిచినా మధ్యాహ్నానికి తానే వచ్చి కపిల దారి మొదట్లో నిలబడేది. అత్త వెళ్లి ముట్టె పట్టుకుని మెల్లగా తిప్పుకుని వచ్చేది.

అప్పుడు బయటి నుంచి వినబడింది. "లచ్చీ!" నేను కదలలేదు. "ఒలే లచ్చీ! యాడుండావే!" అత్త గొంతులో ఆ వణుకు నేను అంతకు ముందు వినలేదు. నేను పలకలేదు. ఏనుగు తిరుగుతూనే ఉంది. మూడోసారి పిలిచినప్పుడు మా నాయన నన్ను ఎత్తుకుని లేచాడు.

బయట అత్త ఒక్కతే నిలబడి ఉంది. మిగతా వాళ్లు దారిలో ముందు ఉన్నారు. మా నాయన, "నా దగ్గరికొచ్చి నిద్దరపోయిందక్కా" అన్నాడు. నేను చటుక్కున కళ్లు మూసుకున్నాను. అత్త నన్ను ఆయన చేతుల్లోంచి తీసుకుని వీపున వేసుకుంది. రెండు మైళ్లు మోసింది. మా నాయన ఇవ్వమన్నా ఇవ్వలేదు. నేను ఆ రెండు మైళ్లూ నిద్ర నటించాను. ఆమె జుట్టులో ఆముదం వాసన, మెడ మీద చెమట. ఆమె అడుగు తడబడినప్పుడల్లా నేను గట్టిగా పట్టుకున్నాను.

ఆ తర్వాత ఏళ్ల తరబడి, చెనక్కాయలు వొలిచేటప్పుడు ఆడవాళ్లు అత్తను కడ భాగం చెప్పమని అడిగేవాళ్లు. ఆమె చెప్పేది. ప్రతిసారీ వేరుగా. ఒకసారి ఏనుగు ఓడ ఎక్కి వెళ్లేది, ఒకసారి తల్లే వెతుక్కుంటూ వచ్చేది, ఒకసారి రిబ్బన్లామె కూడా దానితోపాటు అడవిలోనే ఉండిపోయేది. అన్నిసార్లూ ఇంటికి చేరేది. ఆమె చెబుతున్నంతసేపూ నేను తల వంచుకుని కాయలు వొలిచేదాన్ని. ఒక్కోసారి మధ్యలో ఆగి నా వైపు చూసేది. నేను చూడనట్టు ఉండేదాన్ని.

నాకు పెళ్లయి చింతామణికి వచ్చేశాక, అత్తకు కంట్లో పొర వస్తే చిక్కబళ్లాపురం ఆసుపత్రిలో ఆపరేషను చేయించాము. పక్కన నేనే ఉన్నాను. కంటికి కట్టు కట్టి ఉంది. రాగి గంజి చెంచాతో పోస్తుంటే, "ఆ పొద్దు భలే బరువుంటివే నువ్వు" అంది.

"యా పొద్దు అత్తా?"

"టెంటు నుంచి మోసుకోనొచ్చిన పొద్దు. నిద్దరపోయిన బిడ్డ మెడ పట్టుకోదు లచ్చీ. ఏలాడతాది."

ముప్పై ఏళ్లుగా ఆమెకు తెలుసు. యాల కూర్చున్నావు అని అడుగుతుందనుకున్నాను. పిలిస్తే పలకలేదేమే అని అడుగుతుందనుకున్నాను. ఆమె మొహం నా వైపు తిప్పి, చాలా మెల్లగా, "బాగుండాదా?" అంది. ఏనుగు సంగతి.

"బాగుండాది అత్తా" అన్నాను.

ఆమె తల ఊపి, గంజికి నోరు తెరిచింది. ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. ఆ ఆరేళ్లలో ఏనుగు కథ ఎవరు అడిగినా, "లచ్చిని అడగండి, అది చూసింది" అనేది. అంతకంటే పెద్ద క్షమ నాకు ఈ జన్మలో ఎవరూ ఇవ్వలేదు. అది నేను అబద్ధంతో కొనుక్కున్నానేమో అన్నదే నా బాధ. ఉన్నది ఉన్నట్టు రాస్తే, కంటికి కట్టుతో పడుకున్న మనిషికి నేను చెప్పింది అబద్ధమని నా చేత్తోనే రాసినట్టవుతుంది. అక్షరాలు నేర్చుకున్న చేతికి మొదటి పని అదా అనిపించేది.

శనివారం నాడు సహన ఫోను తీసేశాక కూడా నేను ఆ చెంబు ముందే కూర్చున్నాను. ఆ సినిమా చూసిన వాళ్లు ఆ టెంటులో ఎంతమంది ఉండేవాళ్లో, ఇప్పుడు ఎవరున్నారు? మా నాయన లేడు. ఓబులప్ప లేడు. ఆ ఏనుగు నిజంగా ఏ అడవి అంచునో, ఎవరి కెమెరా ముందో అలా తిరిగింది. అది ఏడ్చినా ఎవరికీ తెలియని చోట తిరిగింది. సర్కసుల్లో ఇప్పుడు అడవి జంతువులను ఆడించకూడదట, చట్టం ఉందని సహన చెప్పింది. మంచిదే. మా అత్త వారానికి ఒక్క రోజు అడిగింది, వీళ్లు ఏడు రోజులూ ఇచ్చారు. కానీ ఆ ఒక్క ఏనుగు పడిన కష్టం ఆ అడవి అంచు దాకా చూసిన కళ్లు నావే మిగిలి, అవి కూడా లేదు అంటే ఎలా?

మరునాడు పొద్దున సహన లేవకముందే స్నానం చేసి, పూజారమ్మ ఇచ్చిన రూళ్ల పుస్తకం తీసుకుని వాకిట్లో కూర్చున్నాను. కొట్టివేతలు చాలా వచ్చాయి. మూడోసారి తప్పు లేకుండా కుదిరింది. సహన లేచి వచ్చాక దాని చేతికిచ్చి, నీకు తెలుగు చదవడం రాదు కదా, నేనే చదువుతాను విను, ఇంగ్లీషులో నువ్వు రాయి అన్నాను. చదివాను.

"నా పేరు లక్ష్మి. బాగేపల్లిలో చూశాను. ఆమె గొలుసు విప్పింది. ఏనుగు అడవిలోకి పోలేదు. సర్కసులో తిరిగినట్టే గుండ్రంగా తిరిగింది. ఆట ఇంకా అయిపోలేదు. తర్వాత ఏమైందో నాకు తెలియదు. అప్పుడు మా అత్త నన్ను పిలిచింది."